భర్త పాత చైల్డ్ సపోర్ట్ బకాయికి మా జాయింట్ రీఫండ్ మొత్తం పట్టుకున్నారు. నా జీతం వాటా వెనక్కి వస్తుందా?

తులసికోట (ఒహాయో) | 26 ఫిబ్రవరి 2025

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. నిన్నటి నుంచి నిద్ర లేదు, అందుకే రాస్తున్నాను.

మా వారికి ఇది రెండో పెళ్లి. మొదటి పెళ్లిలో ఒక పాప ఉంది, పదకొండేళ్లు, వాళ్ల అమ్మ దగ్గర వేరే రాష్ట్రంలో ఉంటుంది. పాప పోషణకు కోర్టు కట్టమన్న చైల్డ్ సపోర్ట్ నెలనెలా ఆయన జీతంలోంచి కట్ అయిపోతుందని పెళ్లికి ముందే చెప్పారు. పే స్టబ్‌లో కూడా చూశాను. నాకు తెలియనిది ఒకటుంది. 2023లో ఆయన ఉద్యోగం పోయి ఏడు నెలలు ఖాళీగా ఉన్నప్పుడు ఆ డబ్బు కట్టలేదు. అది పెరిగి పెరిగి ఇప్పుడు సుమారు 6,300 డాలర్లు అయిందట.

ఫిబ్రవరి 3న ఇద్దరం కలిసి ఒకే ట్యాక్స్ రిటర్న్ (జాయింట్) ఈ-ఫైల్ చేశాం. ఎక్కువ పట్టిన ట్యాక్స్ 2,165 డాలర్లు రీఫండ్‌గా వెనక్కి రావాలి. నిన్న మెయిల్‌బాక్స్‌లో ట్రెజరీ వాళ్ల కవరు. బ్యూరో ఆఫ్ ది ఫిస్కల్ సర్వీస్ అని ఉంది. లోపల ఒకే కాగితం. రావలసిన రీఫండ్ 2,165, మినహాయించింది 2,165, కింద ఆ రాష్ట్రం చైల్డ్ సపోర్ట్ ఆఫీసు పేరు, ఫోన్ నంబరు. అంతే. వంటింట్లో నిలబడి నాలుగుసార్లు చదివాను.

రాజమండ్రిలో మా అమ్మకు రెండో కంటికి ఆపరేషన్ ఉంది. ఆ డబ్బుతో టికెట్ కొనుక్కుందామని పెట్టుకున్నాను. నా డబ్ల్యూ-2లో (ఏడాది జీతం, పట్టిన ట్యాక్స్ చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) జీతం 72,000, పట్టుకున్న ట్యాక్స్ 8,500. ఆయనది 48,000, ట్యాక్స్ 4,100. మాకింకా పిల్లలు లేరు.

పాప మీద నాకు ఏ కోపమూ లేదు, ఆ డబ్బు పాపకు చేరాల్సిందే. కానీ ఆ రీఫండ్‌లో నా జీతంలోంచి కట్టిన ట్యాక్స్ కూడా ఉంది కదా? నా వాటా అడగడానికి దారి ఉందా? అడిగితే పాపకు అన్యాయం చేసినట్టవుతుందా?

---

గోదారి_గట్టు | 26 ఫిబ్రవరి

టెన్షన్ పడకండి సిస్టర్. ఇన్నోసెంట్ స్పౌజ్ అని ఉంటుంది, ఫామ్ 8857. అది పంపితే మొత్తం వెనక్కి వస్తుంది. మా ఆఫీసులో ఒకాయన చేశాడు.

---

పన్నుల_పంతులు (న్యూ జెర్సీ) | 26 ఫిబ్రవరి

గోదారి_గట్టు గారూ, మీరు సాయం చేద్దామనే రాశారు, కానీ ఇక్కడ ఆ ఫామ్ పనికిరాదు. ఇలాంటి పేరే ఉన్న ఇంకో ఫామ్‌తో దీన్ని చాలామంది కలిపేస్తారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నేను ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని, అంటే పన్నుల పని చేయడానికి ఫెడరల్ లైసెన్స్ ఉన్నవాణ్ణి. ప్రతి ఫిబ్రవరిలో ఇలాంటివి ఒకటో రెండో నా టేబుల్ మీదకు వస్తాయి.

జాయింట్ రిటర్న్‌లో భర్త ఆదాయం దాచడమో తప్పు లెక్క చూపడమో చేసి, ఆ ట్యాక్స్ భార్య మీద కూడా పడితే అప్పుడు ఇన్నోసెంట్ స్పౌజ్, ఫామ్ 8857. ఇక్కడ మీ రిటర్న్‌లో తప్పేమీ లేదు. రీఫండ్ సరిగ్గానే వచ్చింది, దాన్ని ఒకరి పాత బాకీకి జమ చేశారు, అంతే. దీనికి ఇన్జర్డ్ స్పౌజ్, ఫామ్ 8379. తులసికోట గారూ, మీకు కావలసింది ఇదే.

ఇది ఎలా జరుగుతుందంటే: రాష్ట్రంలోని చైల్డ్ సపోర్ట్ ఏజెన్సీ బకాయి వివరాలు ఫెడరల్ ప్రభుత్వానికి పంపుతుంది. తల్లి ప్రభుత్వ నగదు సాయం మీద ఉన్న కేసైతే బకాయి 150 డాలర్లు చేరితే చాలు, లేకపోతే 500 చేరాలి. అది ట్రెజరీ ఆఫ్‌సెట్ ప్రోగ్రామ్ జాబితాలోకి ఎక్కుతుంది. ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) రీఫండ్ విడుదల చేయగానే సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఆ జాబితాతో సరిచూసి డబ్బు పట్టుకుంటారు. జాయింట్ రిటర్న్ అయితే ఇద్దరి పేర్లూ ఒకే రీఫండ్ మీద ఉంటాయి కాబట్టి ముందు మొత్తం పట్టుకుంటారు. అందులో మీ భాగం ఎంతో ఎవరూ తమంతట తాము లెక్క వేయరు. అది మీరే అడగాలి.

ఐఆర్‌ఎస్‌కు ఫోన్ చేసి బతిమాలినా లాభం లేదు. బకాయి అంకె తప్పనిపిస్తే మాట్లాడాల్సింది ఆ కాగితం మీద ఉన్న రాష్ట్రం ఏజెన్సీతోనే. ఇలా పట్టుకునే ముందు బాకీ ఉన్న మనిషికి ఒక నోటీసు కూడా వెళుతుంది. మీ వారు ఇల్లు మారారేమో, పాత అడ్రసుకు వెళ్లి ఉంటుంది.

---

తులసికోట | 26 ఫిబ్రవరి

అవునండీ. 2023 చివర్లో అపార్ట్‌మెంట్ మారాం. పంతులు గారూ, చాలా థ్యాంక్స్. ఆ ఫామ్ ఇప్పుడు పంపవచ్చా? రిటర్న్ వెళ్లిపోయింది కదా. నా వాటా సగమా?

---

డాలస్_మామయ్య (టెక్సస్) | 26 ఫిబ్రవరి

అమ్మా, మా మేనకోడలికి ఇదే జరిగింది, రెండేళ్ల కిందట. అల్లుడు ఆ ఏడాది ఉద్యోగం లేక ఇంట్లోనే ఉన్నాడు. కట్టిన ట్యాక్స్ అంతా పిల్ల జీతంలోదే. 5,400 రీఫండ్ పోయింది. ఫామ్ 8379 వేస్తే మొత్తం వస్తుందని అందరం అనుకున్నాం. వచ్చింది 2,700. అడిగితే, టెక్సస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం, ఇక్కడ పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ, కాబట్టి చైల్డ్ సపోర్ట్ బాకీకి సగం పోతుంది అన్నారు. అమ్మాయి చాలా బాధపడింది. ఒహాయోలో ఎలాగో నాకు తెలీదు.

---

పన్నుల_పంతులు | 27 ఫిబ్రవరి

మామయ్య గారు చెప్పింది నిజం. టెక్సస్, కాలిఫోర్నియా, అరిజోనా, వాషింగ్టన్, నెవాడా, న్యూ మెక్సికో, ఐడహో, లూసియానా, విస్కాన్సిన్. ఈ తొమ్మిది రాష్ట్రాల్లో ఉంటే ఎవరి జీతంలోంచి ఎంత పట్టారన్నది చూడరు. ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ (తక్కువ జీతం ఉన్నవాళ్లకు వచ్చే పన్ను సాయం) పక్కన పెట్టి మిగతా రీఫండ్‌లో సగం బాకీకి పోతుంది. మన వాళ్లు డాలస్, బే ఏరియా, సియాటిల్‌లలో ఎంతమంది ఉన్నారో చూడండి, వాళ్లందరికీ ఈ సగం లెక్కే. ఆ ఏడాదిలో కొన్నాళ్లు అక్కడ ఉన్నా ఫామ్‌లో ఆ రాష్ట్రం పేరు రాయాలి.

ఒహాయో అలా కాదు. తులసికోట గారికి ఎవరి వాటా వాళ్లదే. లెక్క వేసి చూపిస్తాను, 2024 రేట్లతో.

ఇద్దరి జీతం 1,20,000. స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఉండే, పన్ను పడని భాగం) 29,200 తీస్తే 90,800. ఐఆర్‌ఎస్ పట్టిక ప్రకారం దానికి ట్యాక్స్ 10,435. కట్టింది 12,600. అందుకే 2,165 రీఫండ్.

ఇప్పుడు ఇద్దరూ విడివిడిగా వేసి ఉంటే ఎంత అయ్యేదో చూస్తారు. డిడక్షన్ చెరి సగం, 14,600. మీకు 57,400 మీద 7,687. ఆయనకు 33,400 మీద 3,779. రెండూ కలిపితే 11,466, అందులో మీ భాగం సుమారు 67 శాతం. అసలు ట్యాక్స్ 10,435లో 67 శాతం చొప్పున మీ భారం 6,996. మీ జీతంలో పట్టింది 8,500. తేడా 1,504 డాలర్లు మీవి. మిగతా 661 ఆయన వాటా, అది బకాయికి పోతుంది.

ఈ లెక్క ఫామ్‌లో మీరు వేయనక్కర్లేదు, ఐఆర్‌ఎస్ వేస్తుంది. ఫామ్‌లో మూడు వరసలుంటాయి: జాయింట్ రిటర్న్‌లో ఉన్న మొత్తం, మీది, ఆయనది. జీతం ఎవరిది వాళ్లకు, పట్టిన ట్యాక్స్ ఎవరి డబ్ల్యూ-2లో ఉన్నది వాళ్లకు. మొదటి వరసలో ఉన్నదానికి మిగతా రెండూ కలిపితే సరిపోవాలి. చాలా ఫామ్‌లు ఇక్కడే వెనక్కి వస్తాయి.

రిటర్న్ ఇప్పటికే వెళ్లింది కాబట్టి ఫామ్ 8379 ఒక్కటే పోస్టులో పంపండి. ఇద్దరి పేర్లు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు రిటర్న్‌లో ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే రాయండి. ఇద్దరి డబ్ల్యూ-2 కాపీలు జత చేయండి. రిటర్న్ కాపీ మాత్రం పెట్టవద్దు, పెడితే ఆలస్యం. సంతకం మీదొక్కరిదే చాలు. ఇలా విడిగా పంపితే సుమారు 8 వారాలు. రిటర్న్‌తో పాటే ఈ-ఫైల్ చేసి ఉంటే 11 వారాలు, కాగితం రిటర్న్‌తో కలిపితే 14.

గడువు గురించి కూడా చెబుతాను. రిటర్న్ గడువు తేదీ నుంచి మూడేళ్లు, లేదా ఆ ట్యాక్స్ కట్టిన తేదీ నుంచి రెండేళ్లు, వీటిలో ఏది తర్వాత వస్తే అది. అంటే పాత ఏళ్లలో ఇలా పోగొట్టుకున్నవాళ్లు ఇది చదువుతుంటే మీ కాగితాలు ఒకసారి బయటికి తీయండి.

---

నెల్లూరు_కుర్రోడు (నార్త్ కరోలినా) | 27 ఫిబ్రవరి

నాదో డౌట్ అన్నా. వచ్చే ఏడాది నుంచి విడివిడిగా ఫైల్ చేస్తే సరిపోతుంది కదా? లేకపోతే ఆయన డబ్ల్యూ-4 (జీతంలో ట్యాక్స్ ఎంత పట్టాలో కంపెనీకి చెప్పే ఫామ్) మార్చేసి రీఫండే రాకుండా చూసుకుంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

---

పన్నుల_పంతులు | 27 ఫిబ్రవరి

విడిగా వేస్తే భార్య రీఫండ్ జోలికి రారు, నిజమే. కానీ ఖర్చు ఉంది. చదువుల క్రెడిట్లు పోతాయి, స్టూడెంట్ లోన్ వడ్డీ మినహాయింపు పోతుంది, డే కేర్ క్రెడిట్ మామూలుగా రాదు. ఒకరు ఐటమైజ్ చేస్తే (స్టాండర్డ్ డిడక్షన్ బదులు ఖర్చులు విడివిడిగా చూపిస్తే) రెండోవాళ్లూ చేయాల్సిందే. పైన వేసిన లెక్కలో చూడండి, కలిపి వేస్తే 10,435, విడిగా వేస్తే 11,466. వెయ్యి డాలర్లు ఎక్కువ. జాయింట్ వేసి, దాంతోపాటే ఫామ్ 8379 పెట్టడమే చాలామందికి మేలు. ఒకసారి పెడితే ఎప్పటికీ చెల్లదు, బాకీ తీరేదాకా ఏటా పెట్టాలి. ఇంకో విషయం, విడిగా వేసినదాన్ని తర్వాత జాయింట్‌గా మార్చుకోవచ్చు. జాయింట్ వేశాక గడువు దాటితే విడిగా మార్చుకునే వీలు లేదు.

డబ్ల్యూ-4 సంగతి. అసలు ట్యాక్స్‌కు తగ్గట్టు సరిచేసుకోవడం తప్పు కాదు. మరీ తగ్గించి ఏడాది చివర 1,000 డాలర్లో ఆ పైనో కట్టాల్సి వస్తే పెనాల్టీ పడవచ్చు. కానీ బకాయి దానివల్ల తీరదు తమ్ముడూ. అలాగే కూర్చుంటుంది. కొన్ని రాష్ట్రాలు దాని మీద వడ్డీ కూడా వేస్తాయి, టెక్సస్‌లో ఏటా 6 శాతం, కాలిఫోర్నియాలో 10 శాతం.

---

మల్లెపందిరి | 27 ఫిబ్రవరి

రెండ్రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆగాను. నెల్లూరు తమ్ముడి మాట చూశాక రాయక తప్పలేదు.

నేను అవతలి వైపు మనిషిని. నాకు ఇద్దరు పిల్లలు. కోర్టు నెలకు 640 డాలర్లు ఇవ్వమంది. ఆయన పద్నాలుగు నెలలు ఒక్క డాలర్ పంపలేదు. 8,960. ఆ అంకె నాకు నిద్రలో కూడా గుర్తే. వారమంతా ఒక ఉద్యోగం, శని ఆదివారాలు ఒక ఇండియన్ స్టోర్‌లో క్యాష్ కౌంటర్. ఉదయం పదింటికి పిల్లల్ని పక్కింటి ఆంటీ దగ్గర వదిలి వెళితే రాత్రి తొమ్మిదికి రావడం. బాబు అప్పుడే స్కూల్లో ఫీల్డ్ ట్రిప్ కాగితం తెచ్చి నాకు చూపించకుండా బ్యాగ్ అడుగున మడిచి పెట్టేవాడు. పద్దెనిమిది డాలర్లు. ఒకరోజు బట్టలు ఉతకబోతూ బ్యాగ్ దులిపితే మూడు కాగితాలు రాలాయి. అన్నీ గడువు దాటినవే.

ఒక ఏడాది మార్చిలో ఏజెన్సీ నుంచి ఉత్తరం వచ్చింది, ఆయన ట్యాక్స్ రీఫండ్ 3,112 పట్టుకున్నామని. ఎంత ఆనందపడ్డానో చెప్పలేను. బాబు పళ్లకు క్లిప్పులు వేయించాలని డాక్టర్ ఏడాది నుంచి చెబుతున్నారు. కానీ ఆ ఉత్తరంలోనే ఇంకో లైను ఉంది. ఇది జాయింట్ రిటర్న్ మీద వచ్చిన డబ్బు కాబట్టి ఆరు నెలల వరకు ఆపి ఉంచవచ్చని. ఆయన కొత్త భార్య తన వాటా అడిగే అవకాశం ఉంది కనుక. నిజంగానే ఆవిడ అడిగారు. చివరికి నాకు వచ్చింది 1,900.

ఆ ఆరు నెలలూ ఆవిడ మీద కోపంగా ఉండేది. ఇప్పుడు లేదు. ఆవిడ జీతంలోంచి కట్టిన ట్యాక్స్ నా పిల్లలకు ఎందుకు రావాలి? తులసికోట గారూ, మీ వాటా మీరు అడగండి. అది పాపకు అన్యాయం కాదు. పాపకు బాకీ పడింది వాళ్ల నాన్న, మీరు కాదు. అడిగేదేదో తొందరగా అడగండి. డబ్బు ఇప్పటికే వాళ్లమ్మకు చేరి, ఖర్చయ్యాక మీరు అడిగితే ఆవిడను తిరిగి కట్టమనే పరిస్థితి కూడా రావచ్చు. తొందరగా అడగడం, అదొక్కటే మీ వైపు నుంచి ఆవిడకు చేయగల మేలు.

తమ్ముడూ, రీఫండ్ రాకుండా చూసుకోవాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఇదే. నీ కళ్లకు కనిపించేది ట్రెజరీ వాళ్ల కాగితం. మా ఇంట్లో కనిపించేది ఆ బ్యాగ్.

---

నెల్లూరు_కుర్రోడు | 27 ఫిబ్రవరి

అక్కా, సారీ. నేను లెక్కల కోణంలోనే ఆలోచించాను. నాకింకా పెళ్లి కాలేదు, ఇవేవీ తెలీవు. మీరు రాసింది చదివాక ఏం రాయాలో తెలియలేదు. బాబుకు క్లిప్పులు వేయించారా?

---

మల్లెపందిరి | 28 ఫిబ్రవరి

వేయించాను నాన్నా. తీసేశారు కూడా. ఇప్పుడు తొమ్మిదో తరగతి, నవ్వమంటే చాలు పళ్లన్నీ చూపిస్తాడు.

---

పాత_బాకీ (మిషిగన్) | 28 ఫిబ్రవరి

మల్లెపందిరి గారూ, మీ పోస్టు చదివి రాత్రి చాలాసేపు కూర్చున్నాను. నేను బాకీ పడ్డ తండ్రిని. నాలాంటి వాళ్లు చేసే తప్పు ఒకటి చెప్పాలి. తులసికోట గారి భర్తకు కూడా ఇదే జరిగి ఉంటుంది.

2023 జనవరిలో లేఆఫ్. నెలకు 1,150 కట్టాలి. ఉద్యోగం పోయిన సంగతి కోర్టుకు తర్వాత చెబితే అర్థం చేసుకుంటారులే, అప్పుడు తగ్గిస్తారులే అనుకున్నాను. ఐదు నెలలు గడిచాక లాయర్ దగ్గరకు వెళ్లాను. ఆయన మొదటి మాటే, ‘ఈ 5,750 ఏ జడ్జీ తగ్గించలేడు’ అన్నారు. 1986 నుంచి ఫెడరల్ చట్టం ఉంది, బ్రాడ్లీ సవరణ అంటారు. ఏ నెల వాయిదా ఆ నెల గడువు దాటగానే కోర్టు తీర్పుతో సమానం అయిపోతుంది. వెనక్కి వెళ్లి తగ్గించడం కుదరదు. మార్పు కోరుతూ పిటిషన్ వేసి అవతలివాళ్లకు నోటీసు అందిన రోజు నుంచే తగ్గించగలరు. ఉద్యోగం పోయిన వారంలోనే వెళ్లి ఉంటే నా బాకీ అందులో సగం కూడా అయ్యేది కాదు.

ఇంకొకటి. బాకీ 2,500 దాటితే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వరు. నాది అప్పుడే ఎక్స్‌పైర్ అయింది. గుంటూరులో నాన్నగారు పోయారని తెల్లవారుజామున మూడింటికి ఫోన్ వచ్చింది. రెన్యూవల్‌కు వెళితే కౌంటర్‌లో ఆమె స్క్రీన్ చూసి, మీరు ముందు మీ రాష్ట్రం చైల్డ్ సపోర్ట్ వాళ్లతో మాట్లాడాలి అన్నారు. ఇద్దరు స్నేహితుల దగ్గర అప్పు తెచ్చి కట్టాను. పేరు జాబితాలోంచి తీసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. మా చిన్నాన్న కొడుకు తలకొరివి పెట్టాడు.

తులసికోట చెల్లెమ్మా, మీ వారిని కూర్చోబెట్టి మాట్లాడండి. దాచింది మీ మీద ప్రేమ లేక కాదు. సిగ్గుతో నోరు రాదు. నా భార్యకు నేను చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది.

---

తులసికోట | 28 ఫిబ్రవరి

పాత_బాకీ అన్నయ్యా, మీ పోస్టు ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి అల్మారాలోంచి ఒక ఫైలు తెచ్చి నా ముందు పెట్టారు. అందులో పాత అడ్రసు నుంచి ఫార్వర్డ్ అయి వచ్చిన కవర్లు ఉన్నాయి. రెండు విప్పనే లేదు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ విప్పాం.

పంతులు గారూ, ఒహాయో రీఫండ్ కూడా పోతుందా? మా జాయింట్ బ్యాంక్ అకౌంట్ సంగతేంటి?

---

పన్నుల_పంతులు | 1 మార్చి

రాష్ట్రం రీఫండ్ వేరే దారి. దాన్ని కూడా రాష్ట్రాలు పట్టుకోగలవు, ఫామ్ 8379 దానికి పనిచేయదు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. న్యూ యార్క్‌కు ఐటీ-280 అని సొంత ఫామ్ ఉంది. ఒహాయో ట్యాక్స్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి అడగండి.

బ్యాంక్ అకౌంట్ విషయంలో జాగ్రత్త. బాకీ ఉన్నవాళ్ల అకౌంట్లు ఎక్కడ ఉన్నాయో ఏజెన్సీలు బ్యాంకుల నుంచి తెలుసుకునే ఏర్పాటు ఉంది. జాయింట్ అకౌంట్‌ను కూడా ఫ్రీజ్ చేయవచ్చు. బాకీ తీరేదాకా మీ జీతం మీ పేరున్న అకౌంట్‌లోనే వేయించుకోండి. మీ జీతం జోలికి వాళ్లు రారు, ఆ ఆర్డర్ ఆయన జీతం మీద మాత్రమే.

ఆయన చేత ట్రెజరీ ఆఫ్‌సెట్ ప్రోగ్రామ్ ఆటోమేటెడ్ లైన్‌కు ఒకసారి ఫోన్ చేయించండి, 800-304-3107. ఆయన సోషల్ సెక్యూరిటీ నంబరు కొడితే జాబితాలో ఇంకేమైనా బాకీలున్నాయో చెబుతుంది. వచ్చే ఏడాది ఫైల్ చేసే ముందు కూడా చేయండి.

---

వనస్థలిపురం (అట్లాంటా) | 2 మార్చి

ఇదే టాపిక్ కాబట్టి అడుగుతున్నాను. మా బాబాయ్ కొడుకు హెచ్-1బీ మీద ఉన్నాడు. హైదరాబాద్‌లో ఫ్యామిలీ కోర్టు భార్యకు, బాబుకు మెయింటెనెన్స్ ఇవ్వమని ఆర్డర్ వేసింది. వీడు కట్టడం లేదు. ఆ ఆర్డర్ వల్ల ఇక్కడి రీఫండ్ ఆపుతారా?

---

పన్నుల_పంతులు | 2 మార్చి

ఇండియా కోర్టు ఆర్డర్ తనంతట తాను ఈ జాబితాలోకి ఎక్కదు. ఇక్కడి రాష్ట్రం ఏజెన్సీ దగ్గర కేసు ఉండి, వాళ్లు బకాయి పంపితేనే రీఫండ్ పట్టుకుంటారు. భార్య తరఫువాళ్లు ఇక్కడి కోర్టులో ఆ ఆర్డర్‌ను గుర్తించమని కోరవచ్చు. ఇక్కడి జడ్జీ ఒప్పుకుంటే అప్పుడు సంగతి వేరు.

కానీ రీఫండ్ ఒక్కటే చూసుకుని ధైర్యంగా ఉండవద్దని చెప్పండి. ఇండియాలో భార్యాపిల్లల పోషణకు పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ ఉండేది, 2024 జూలై నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144. కట్టని ఒక్కో నెలకు ఒక నెల వరకు జైలు వేసే అధికారం కోర్టుకు ఉంది. వారెంట్ ఉండగా అన్న పెళ్లికో అమ్మ ఆరోగ్యానికో వెళ్లాల్సి వస్తే ఏం చేస్తాడు? రేపు సిటిజన్‌షిప్‌కు అప్లై చేసినప్పుడు కూడా, ఆధారపడినవాళ్లను కావాలని పోషించకపోవడం మంచి నడవడిక విషయంలో అడ్డం వస్తుంది.

---

మల్లెపందిరి | 2 మార్చి

వనస్థలిపురం గారూ, అక్కడ ఆ బాబు వయసెంత?

---

వనస్థలిపురం | 2 మార్చి

నాలుగేళ్లు అక్కా. ఈ ఆదివారం వాడితో మాట్లాడతాను.

---

తులసికోట | 17 మే 2025

అందరూ ఎలా ఉన్నారు? ఏం జరిగిందో చెప్పకుండా ఉండలేను.

మార్చి 3న ఫామ్ 8379 సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను. మూడు వరసలూ రెండుసార్లు కూడి చూసుకున్నాను. ఏప్రిల్ అంతా ఐఆర్‌ఎస్ సైట్‌లో ట్రాన్‌స్క్రిప్ట్ (మా ట్యాక్స్ ఖాతా రికార్డు) చూస్తూ ఉన్నాను. 898 అనే కోడ్ దగ్గర పట్టుకున్న 2,165 కనిపిస్తూ ఉండేది. మొన్న సోమవారం చెక్ వచ్చింది. 1,504 డాలర్లు. పంతులు గారూ, మీరు వేసిన అంకే.

మా వారు పాప ఉండే రాష్ట్రంలో మార్పు కోసం పిటిషన్ వేశారు, ఇప్పటి జీతానికి తగ్గట్టు. పాత బాకీ తగ్గదని తెలుసు. దానికి నెలకు 200 అదనంగా కట్ చేయమని ఏజెన్సీకి ఆయనే రాసిచ్చారు. పాప వాళ్లమ్మకు కూడా ఫోన్ చేశారు, రెండేళ్ల తర్వాత. నేను పక్క గదిలో ఉన్నాను. ఐదు నిమిషాలే మాట్లాడారు. తర్వాత పాప ఫోన్ తీసుకుని, స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కు ఇంద్రధనుస్సు ఎలా వస్తుందో చేస్తున్నానని చెప్పిందట.

అమ్మ ఆపరేషన్ జూన్ 11న. టికెట్ తీసుకున్నాను.

---

పన్నుల_పంతులు | 17 మే

చాలా సంతోషం అమ్మా. చెక్‌తో వచ్చిన కాగితం పారేయకండి, ఆ కవర్ల ఫైల్లోనే పెట్టండి. జనవరిలో రిటర్న్ వేసేటప్పుడు 8379 దాంతోపాటే పంపండి, ఇంకా బాకీ మిగిలే ఉంటుంది.

---

మల్లెపందిరి | 18 మే

అమ్మగారికి ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు తలస్నానం వద్దంటారు, వంగి బరువులు ఎత్తనివ్వకండి. మా అమ్మకు గత ఏడాది అయింది. క్షేమంగా వెళ్లి రండి చెల్లీ.